తల్లిపాల బిడ్డకు సీసా అలవాటు చేయాలంటే: ముందు ఏం మార్చాలి, ఏది తర్వాత చూసుకోవచ్చు

ఉద్యోగంలో మళ్ళీ చేరే తేదీ దగ్గర పడుతుంటుంది. పిండి తీసిన పాలు ఫ్రిజ్‌లో సిద్ధంగా ఉంటాయి. బిడ్డ మాత్రం సీసా కనపడగానే తల తిప్పేసుకుంటుంది. నిపుల్ నోట్లో పెడితే నాలుకతో బయటికి నెట్టేస్తుంది, ఇంకొంచెం ప్రయత్నిస్తే గుక్కపట్టి ఏడుస్తుంది. అప్పుడు చాలామంది చేసే మొదటి పని ఇంకో కంపెనీ సీసా కొనడం. అదీ కుదరకపోతే మూడోది. ఇంట్లో సీసాలు పోగవుతాయి, బిడ్డ పంతం మాత్రం అలాగే ఉంటుంది, అమ్మకి టెన్షన్ రెట్టింపవుతుంది.

సీసా మార్చడం దాదాపు చివర చేయాల్సిన పని. ముందు పట్టే మనిషిని, పట్టే వేళని, పట్టే తీరుని మార్చి చూడాలి. తర్వాత నిపుల్ నుంచి పాలు వచ్చే వేగం చూడాలి. గాజుదా, ప్లాస్టిక్‌దా అన్నది ఆఖరున. వీటన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. అసలు మీ బిడ్డకు సీసా కావాలా?

సీసా, గిన్నె, లేక రెండూ వద్దా

దీనికి జవాబు రెండు విషయాల మీద ఆధారపడుతుంది: బిడ్డ వయసెంత, అమ్మ ఎన్ని గంటలు దూరంగా ఉంటుంది.

బిడ్డకి రెండు మూడు నెలలే, అమ్మ రోజూ ఎనిమిది తొమ్మిది గంటలు బయట ఉండాలి అంటే సీసా అలవాటు చేయడానికి పడే శ్రమ దండగ కాదు. ఆ వయసులో పాలే ఆహారం, పగలు మూడు నాలుగు సార్లు తాగాలి, చూసుకునేవాళ్ళకి సీసా సులువు.

మూడు గంటల పని మీద వెళ్ళి వచ్చేస్తారంటే వెళ్ళే ముందు కడుపునిండా పాలిచ్చి, రాగానే మళ్ళీ ఇస్తే చాలా రోజులు గడిచిపోతాయి. మధ్యలో ఆకలేస్తే కొంచెం పాలు గిన్నెతో పట్టవచ్చు. ఈ మాత్రానికి బిడ్డతో రోజూ యుద్ధం చేయాల్సిన పని లేదు.

బిడ్డకి ఐదు నెలలు నిండాయి, ఇప్పటిదాకా సీసా ముట్టలేదు అంటే నేనైతే నేరుగా కప్పు వైపు వెళ్ళమంటాను. ఆరు నెలలకు ఎలాగూ ఘనాహారం మొదలవుతుంది, మామూలు కప్పు, స్ట్రా కప్పు రెండూ నేర్పవచ్చు. ఏడాది దాటాక మాన్పించాల్సిన సీసాని ఇప్పుడు కష్టపడి నేర్పడం ఎందుకు?

చిన్న గిన్నెతో, చెంచాతో, ఉగ్గుగిన్నెతో పట్టడాన్ని చాలామంది వేరే దారి లేనప్పుడు చేసే పని అనుకుంటారు. అది సరి కాదు. బరువు తక్కువగా పుట్టి, రొమ్ము నుంచి తాగలేని పిల్లలకు నోటి ద్వారా పాలు పట్టాల్సివస్తే గిన్నెతోనో చెంచాతోనో పట్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంత చిన్న ప్రాణాలు తాగగలిగినప్పుడు మూడు నెలల బిడ్డ తాగలేకపోదు. గిన్నెకి సందులు, మూలలు ఉండవు కాబట్టి శుభ్రం చేయడం తేలిక. పాలు ఒలికిపోతాయి, సమయం ఎక్కువ పడుతుంది, ఓపికున్న మనిషి కావాలి. ఇవీ దాని ఇబ్బందులు.

పట్టే పద్ధతి మాత్రం సరిగ్గా తెలిసి ఉండాలి. బిడ్డని ఒళ్ళో దాదాపు నిటారుగా కూర్చోబెట్టి, గిన్నె అంచుని కింది పెదవికి ఆనించి, పాలు పెదవిని తాకేంత వరకే వంచాలి. అక్కడ ఆగాలి. బిడ్డ నాలుక చాపి పాలను తనే అందుకుంటుంది. మనం నోట్లో పోయకూడదు. పోస్తే పొలమారుతుంది, ఆ భయంతో గిన్నెని కూడా వద్దంటుంది.

ఇంకో రకం పిల్లలు ఉంటారు. అమ్మ లేనప్పుడు ఆకలి చల్లారేంత కొద్దిగా తాగి, అమ్మ వచ్చాక సాయంత్రం నుంచి తెల్లారేదాకా లోటు తీర్చుకుంటారు. బిడ్డ బరువు బాగా పెరుగుతూ, 24 గంటల్లో కనీసం ఆరు సార్లు మూత్రం పోస్తుంటే అది ప్రమాదం కాదు. కాకపోతే ఆ రాత్రుల భారమంతా అమ్మ మీద పడుతుంది. కొందరు ‘పర్లేదు, పక్కన పడుకోబెట్టుకుని ఇస్తాను’ అంటారు, కొందరికి నిద్ర లేకపోతే పగలు పని చేయడం కష్టం. ఎవరికి ఏది భరించదగ్గదో వాళ్ళే తేల్చుకోవాలి.

ఎప్పుడు మొదలుపెట్టాలి

పుట్టిన మొదటి మూడు నాలుగు వారాలు తల్లిపాలు కుదురుకునే సమయం. బిడ్డ ఎంత తాగితే పాలు అంత తయారవుతాయి కాబట్టి అప్పుడు, వైద్య కారణం ఉంటే తప్ప, సీసా జోలికి పోకపోవడమే మంచిది. నాలుగో వారం నుంచి ఆరో వారం మధ్య అనువైన కాలం. అప్పటికి పాలు కుదురుకుని ఉంటాయి, నోట్లో పెట్టినదాన్ని చీకే సహజ గుణం కూడా బిడ్డలో ఇంకా బలంగా ఉంటుంది. మూడు నాలుగు నెలలకు ఆ గుణం తగ్గి, చీకాలా వద్దా అన్నది బిడ్డ ఇష్టానికి వస్తుంది. అందుకే నాలుగో నెలలో మొరాయింపు ఎక్కువ. ఆ వయసులో నేర్పలేమని కాదు, ఓపిక ఎక్కువ కావాలి.

ఒకసారి తాగింది కదా అని రెండు నెలలు ఆపేస్తే చాలామంది పిల్లలు మళ్ళీ కొత్తగా వద్దంటారు. నెలన్నరకి అలవాటు చేసినవాళ్ళు వారంలో రెండు మూడు సార్లయినా కొద్దిగా పడుతూ ఉండాలి. ఉద్యోగంలో చేరే ముందు నెల రోజుల వ్యవధి ఉంటే మంచిది. కనీసం రెండు వారాలు. చేరే రోజు పొద్దున్నే మొదటి సీసా పట్టించడం బిడ్డకీ, చూసుకునేవాళ్ళకీ అన్యాయం.

ఎవరు పట్టాలి, ఏ వేళ పట్టాలి

అమ్మే పట్టడం మేలా, ఇంకొకరు పట్టడం మేలా? ఎక్కువమంది పిల్లల విషయంలో ఇంకొకరే. అమ్మ ఒళ్ళో, ఆ వాసన, ఆ గొంతు అన్నీ దగ్గరగా ఉన్నప్పుడు సీసా ఎందుకు తాగాలో బిడ్డకి అర్థం కాదు. నాన్నో, అమ్మమ్మో, నానమ్మో పడుతున్నప్పుడు అమ్మ పక్క గదిలో ఉంటే సరిపోదు, కాసేపు ఇల్లు దాటి వెళ్ళాలి. గొంతు వినపడినా కొందరు పిల్లలు ‘అమ్మ ఉందిగా’ అని కాచుక్కూర్చుంటారు. అయితే కొత్తవాళ్ళ దగ్గర బెదిరే బిడ్డ ఉంటుంది. అలాంటి బిడ్డ అమ్మ చేతిలోనే ముందు ధైర్యంగా నిపుల్‌ని నోట్లో పెట్టుకుని చూస్తుంది. మూడు నాలుగు రోజులు ఒకరు పట్టినా కుదరకపోతే ఇంకో దారి పట్టండి. రోజుకో మనిషిని మార్చితే మాత్రం ఏదీ తేలదు.

వేళ సంగతికొస్తే, ‘ఆకలేస్తే అదే తాగుతుంది’ అని బిడ్డని మాడ్చడం నాకు అస్సలు నచ్చని సలహా. బాగా ఆకలి మీద ఏడుస్తున్న బిడ్డ కొత్త పని నేర్చుకోలేదు. పైగా సీసా అంటే ఆకలి, ఏడుపు, బలవంతం అని మనసులో ముద్ర పడిపోతుంది. నిండు కడుపు మీదా పట్టదు. చివరిసారి పాలు తాగి గంటన్నర, రెండు గంటలై, చేతులు నోట్లో పెట్టుకోవడం మొదలుపెట్టే వేళ మంచిది. చాలామందికి పగటి నిద్ర నుంచి అప్పుడే లేచి, కళ్ళు ఇంకా మత్తుగా ఉన్న నిమిషాలు కలిసొస్తాయి. రాత్రి నిద్రకి ముందు, అలసటతో చిరాకుగా ఉన్నప్పుడు మొదటి ప్రయత్నం చేయకండి.

పాలు తాగే భంగిమలోనే సీసా పట్టాలా, వేరేగానా అన్నది కూడా ఎంపికే. కొందరికి అదే ఒడి భంగిమ ధైర్యాన్నిస్తుంది. చాలామందికి ఆ భంగిమలో పెట్టగానే రొమ్ము గుర్తొచ్చి కోపం వస్తుంది. వాళ్ళని పట్టేవాళ్ళ పొట్టకి వీపు ఆనించి, ముఖం బయటికి ఉండేలా కూర్చోబెట్టుకుని, కిటికీ దగ్గర చెట్లో రోడ్డో చూపిస్తూ పట్టండి. నిలబడి మెల్లగా ఊగుతూ, నడుస్తూ పట్టడం ఇంకో దారి. నడక ఆపగానే తాగడం ఆపే పిల్లలున్నారు. మొదటి వారం నడిపిస్తారు, తర్వాత కూర్చుంటారు.

ఒక్కో ప్రయత్నం పది నిమిషాలు మించకూడదు. ఏడుపు మొదలైతే వెంటనే సీసా పక్కన పెట్టి ఎత్తుకుని జోకొట్టండి. రోజుకి ఒకటి రెండు సార్లు చాలు. 10 మిల్లీలీటర్లు తాగినా, ఊరికే నిపుల్ నమిలి ఆడుకున్నా అది ముందడుగే.

పట్టే తీరు

నా లెక్కలో ఇది అన్నిటికంటే ముఖ్యం. రొమ్ము దగ్గర పాలు వెంటనే ధారగా రావు. బిడ్డ కాసేపు వేగంగా చీకితే పాలు చేపుకొస్తాయి, మింగుతుంది, ఆగుతుంది, మళ్ళీ చీకుతుంది. జోరు బిడ్డ చేతిలో ఉంటుంది. బిడ్డని వెల్లకిలా పడుకోబెట్టి సీసాని నిలువుగా వంచితే ఆ అదుపు పోతుంది. చీకినా చీకకపోయినా పాలు గొంతులోకి దిగుతుంటాయి. రొమ్ము దగ్గర ఇష్టంగా తాగే బిడ్డ సీసా దగ్గర బెదిరిపోవడానికి చాలాసార్లు కారణం ఇదే.

కాబట్టి బిడ్డని దాదాపు నిటారుగా పట్టుకోండి. మెడకి ఆసరా ఇవ్వండి, కానీ తల వెనక చెయ్యి పెట్టి సీసా వైపు నెట్టకండి. నిపుల్ కొసని పై పెదవికి తాకించి ఆగండి. నోరు పెద్దగా తెరుచుకునేదాకా ఆగండి, బిడ్డే లోపలికి తీసుకోవాలి. మూసిన పెదవుల మధ్య నుంచి దూర్చడం ఒక్కసారి చేసినా బిడ్డ గుర్తుంచుకుంటుంది. సీసాని నేలకి సమాంతరంగా, నిపుల్‌లో సగం పాలు ఉండేంత వంపులో పట్టుకోండి. నాలుగైదు గుటకలయ్యాక సీసా అడుగుని కొంచెం దించితే నిపుల్ ఖాళీ అవుతుంది. నోట్లోంచి తీయక్కర్లేదు. బిడ్డ ఊపిరి పీల్చుకుని, మళ్ళీ చీకడం మొదలుపెట్టాక అడుగు ఎత్తండి. సగంలో చేతులు మార్చి రెండో వైపుకి తిప్పుకోండి. ఇలా ఒక పూట పాలు తాగడానికి 15 నుంచి 20 నిమిషాలు పడుతుంది, పట్టాలి కూడా.

పడుతున్నప్పుడు సీసాలో గీతలు కాదు, బిడ్డ చేతులు చూడండి. మొదట పిడికిళ్ళు బిగించి ఉంటాయి. పాలు సుఖంగా దిగుతుంటే ఆ వేళ్ళు మెల్లగా వదులవుతాయి. అదే వేళ్ళు ఒక్కసారిగా విచ్చుకుని చాచుకుంటే, కనుబొమలు ముడిపడితే, పెదవి పక్కనుంచి పాలు కారితే వేగం ఎక్కువైందని అర్థం. తల తిప్పేసుకుంటే పూట అయిపోయింది. చివర మిగిలిన 20 మిల్లీలీటర్లు ‘ఈ కొంచెమే’ అంటూ తాగించకండి. ఎంత చాలో ఆ బిడ్డకి తెలుసు, ఆ తెలివిని చెడగొట్టకూడదు.

నిపుల్ ఎంపిక

పైవన్నీ కొన్ని రోజులు చేసి చూశాక ఇక్కడికి రండి. నిపుల్‌లో చూడాల్సింది మొదట వేగం, తర్వాత ఆకారం, ఆ తర్వాతే రబ్బరా సిలికానా అన్నది.

తల్లిపాల బిడ్డకి నెమ్మదిగా వచ్చే నిపుల్‌తోనే మొదలుపెట్టాలి. ఇక్కడ ఒక చిక్కుంది. నెమ్మది, మధ్యస్థం అనే పేర్లకి అన్ని కంపెనీలకూ కలిపి ఒక కొలత లేదు. ఒక కంపెనీ నెమ్మది నిపుల్ ఇంకో కంపెనీ మధ్యస్థం కంటే జోరుగా ఉండొచ్చు. కాబట్టి పెట్టె మీద రాసింది కాక బిడ్డని చూసి తేల్చుకోండి. సీసా బోర్లిస్తే చుక్కలు చుక్కలుగా పడాలి, ధార కట్టకూడదు. ఇది ఉజ్జాయింపు పరీక్షే. ఊపిరి సలపకుండా గుటకలు వేయడం, దగ్గడం, పొలమారడం జోరు ఎక్కువకి గుర్తులు. నాలుగుసార్లు చీకి కోపంతో అరవడం, నిపుల్ లోపలికి నొక్కుకుపోవడం, అరగంటైనా సీసా సగం కాకపోవడం మరీ నెమ్మదికి గుర్తులు. పాలు చేపు జోరుగా ఉండే తల్లి బిడ్డకి మరీ నెమ్మది నిపుల్ విసుగు పుట్టిస్తుంది, ఒక మెట్టు పైది ఇచ్చి చూడవచ్చు. అంతేతప్ప మూడు నెలలు నిండాయని, ఆరు నెలలు నిండాయని పెట్టె మీది వయసు చూసి మార్చక్కర్లేదు. నెమ్మది నిపుల్‌తో బాగా తాగుతున్న బిడ్డ ఏడాదిదాకా దాంతోనే తాగినా నష్టం లేదు. జోరుకి అలవాటు పడితే రొమ్ము దగ్గర చేపు వచ్చేదాకా ఆగలేక విసుక్కుంటుంది.

ఆకారంలో రెండు రకాలు ఎక్కువ కనిపిస్తాయి. వెడల్పు అడుగు నుంచి ఒక్కసారిగా సన్నని కొస లేచేది ఒకటి, కొస నుంచి అడుగుదాకా ఏటవాలుగా వెడల్పయ్యేది ఇంకొకటి. మొదటిది చూడ్డానికి రొమ్ములా కనిపిస్తుంది, అమ్ముడయ్యేదీ ఆ పోలికతోనే. కానీ చాలామంది పిల్లలు దాని కొసని మాత్రమే పెదవులతో బిగించి స్ట్రాతో తాగినట్టు తాగుతారు. రెండోదాని ఏటవాలు మీద పెదవులు వెడల్పుగా పరుచుకుంటాయి, నాలుక నిపుల్ కిందికి వస్తుంది. నేను రెండో రకంతో మొదలుపెట్టమంటాను. నోరు చూస్తే తెలిసిపోతుంది: పెదవులు బయటికి విచ్చుకుని, బుగ్గలు నిండుగా ఉంటే పట్టు బాగుంది. బుగ్గల్లో సొట్టలు పడుతూ, టక్ టక్ మని నాలుక చప్పుడు వస్తుంటే పట్టు జారుతోంది.

‘అచ్చం తల్లి రొమ్ములాగే’ అన్న ప్రకటనల గురించి ఒక మాట. సీసాలు, నిపుళ్ళు, డబ్బాపాలను జనంలో ప్రచారం చేయకూడదని ప్రపంచ ఆరోగ్య సభ 1981లోనే అంతర్జాతీయ నియమావళి ఆమోదించింది. చేపు వచ్చే రొమ్ముతో సమానమైన నిపుల్ ఏదీ లేదు. ఆ మాట నమ్మి ఎక్కువ డబ్బు పెట్టకండి. రెండు రకాలు ఒక్కొక్కటి చొప్పున తెచ్చుకుని చూడండి, బిడ్డ ఒప్పుకున్నాకే మిగతావి కొనండి.

సిలికాన్ గట్టిగా ఉంటుంది, ఎక్కువ కాలం మన్నుతుంది, వాసన ఉండదు. రబ్బరుది మెత్తగా ఉంటుంది, తొందరగా పాడవుతుంది, కొందరికి పడదు. సిలికాన్ నమిలి ఉమ్మేసే బిడ్డ రబ్బరుది తీసుకోవచ్చు. ఏదైనా పగుళ్ళు, జిగట, ఉబ్బు కనిపిస్తే పారేయాలి. వాడే ముందు గోరువెచ్చని నీళ్ళలో కాసేపు ఉంచితే చల్లటి నిపుల్ తగిలి ఉలిక్కిపడే బిడ్డకి హాయిగా ఉంటుంది.

సీసా విషయం త్వరగా చెప్పేస్తాను. గాజుది శుభ్రం చేయడం తేలిక, వాసన పట్టదు, కానీ బరువు, పగులుతుంది. ప్లాస్టిక్ తేలిక, గీతలు పడితే మార్చాలి, మరిగే వేడి పాలు దాంట్లో పోసి కుదపకూడదు. స్టీలుది మన్నుతుంది, లోపల ఎంత మిగిలిందో కనపడదు. బిడ్డ సీసా తాగడానికీ మానడానికీ ఇవేవీ కారణం కావు. సందులు తక్కువ ఉన్నది, మీ చేతికి బ్రష్ అందేది తీసుకోండి.

ఏ పాలు

మొదటి ప్రయత్నాలకి అప్పుడే పిండిన పాలను మించినవి లేవు. రుచి తెలిసినదే, వెచ్చగానే ఉంటాయి. ఫ్రిజ్ పాలు, గడ్డ కట్టించిన పాలు బిడ్డ వద్దంటుంటే ఒకసారి మీరు వాసన చూడండి. కొందరి పాలలో కొవ్వుని విడగొట్టే లైపేజ్ ఎంజైమ్ చురుగ్గా ఉండి, నిల్వ ఉంచాక సబ్బు వాసన వస్తుంది. ఆ పాలు చెడిపోలేదు, కానీ కొందరు పిల్లలు ముట్టరు. అలాంటప్పుడు పిండిన వెంటనే, గిన్నె అంచుల దగ్గర చిన్న బుడగలు వచ్చేదాకా మాత్రమే వేడిచేసి, వెంటనే చల్లార్చి నిల్వ చేస్తే ఆ వాసన రాదు. ఎన్ని నిపుళ్ళు మార్చినా తేలని సమస్య ఇక్కడ తేలిపోవచ్చు.

పిండిన పాలు 25 డిగ్రీలు మించని గదిలో 4 గంటలు, ఫ్రిజ్‌లో 4 రోజులు, ఫ్రీజర్‌లో 6 నెలలు బాగుంటాయి. ఫ్రిజ్‌లో కరిగించినవి 24 గంటల్లో వాడేయాలి, మళ్ళీ గడ్డ కట్టించకూడదు. బిడ్డ నోరు తగిలాక మిగిలినవి 2 గంటలు దాటితే పారబోయాలి. వేడినీళ్ళ గిన్నెలో సీసా ఉంచి వెచ్చబెట్టండి, మైక్రోవేవ్ వద్దు. అక్కడక్కడ కాలిపోయేంత వేడెక్కుతాయి. మణికట్టు మీద చుక్క వేసుకుంటే వేడీ చల్లదనం తెలియకుండా ఉండాలి.

డబ్బాపాలు ఇవ్వాల్సివస్తే వాటి రుచి వేరు కాబట్టి కొత్త సీసా, కొత్త రుచి ఒకేసారి పెట్టకండి. సీసాతో తల్లిపాలు తాగడం వచ్చాక, డబ్బా మీద చెప్పిన కొలతలో విడిగా కలిపిన పాలను కొద్దికొద్దిగా చేర్చండి. పొడి తగ్గించి పలచన చేయకూడదు. ఆరు నెలల లోపు నీళ్ళు పట్టకూడదు. నిపుల్ మీద తేనె రాయమని ఎవరైనా చెబితే వినకండి. ఏడాది లోపు బిడ్డకి తేనె వల్ల బాట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు.

వరస, ఎన్ని రోజులు, ఎంత పాలు

ఒకసారికి ఒక్కటే మార్చండి, మూడు నాలుగు రోజులు చూడండి. మనిషి, వేళ, భంగిమ, ఆగి ఆగి పట్టడం, పాల వాసన, నిపుల్ వేగం, నిపుల్ ఆకారం. నేను చెప్పే వరస ఇది. అన్నీ ఒకేరోజు మార్చితే ఏది పనిచేసిందో తెలియదు. రొమ్ము దగ్గర మొదలుపెట్టి మధ్యలో సీసా నిపుల్ నోట్లో పెట్టేయడం కొందరికి పనిచేస్తుంది కానీ, ఒకటి రెండు సార్లకి కుదరకపోతే వదిలేయండి. రొమ్ము మీదే అనుమానం కలిగితే నష్టం పెద్దది. ఈ వరసంతా ఓపికగా చేసినా ఫలితం లేకపోతే కప్పుకి మారిపోండి.

రొమ్మునీ సీసానీ రెంటినీ వద్దంటున్నా, తాగిన ప్రతిసారీ దగ్గు, ఆయాసం వస్తున్నా, పెదవులు నీలంగా మారినా, మూత్రం బాగా తగ్గినా, మాడు గుంటపడినా, బరువు పెరగకపోయినా వెంటనే డాక్టర్‌కి చూపించాలి. నోట్లో తెల్లపూత, చెవి నొప్పి, నాలుక కింద బిగువు కూడా కారణం కావచ్చు, అవి ఇంట్లో తేల్చుకునేవి కావు.

ఎంత పాలు ఉంచి వెళ్ళాలి అన్నది అందరినీ వేధించే ప్రశ్న. నెల నుంచి ఆరు నెలల దాకా కేవలం తల్లిపాలు తాగే పిల్లలు రోజుకి సగటున 750 నుంచి 800 మిల్లీలీటర్లు తాగుతారు. కొందరు చాలా తక్కువ, కొందరు చాలా ఎక్కువ. అంటే గంటకి 30 మిల్లీలీటర్లకి కొంచెం పైన, ఎనిమిది గంటలకి సుమారు 250 నుంచి 270. దాన్ని పెద్ద సీసాల్లో కాక 60, 90 చొప్పున చిన్న మోతాదుల్లో పెట్టండి. మొదటి రోజుల్లో బిడ్డ 30 తాగి మిగతాది వదిలేస్తే పారబోసేది తక్కువ ఉంటుంది. బిడ్డ సీసా తాగే వేళకే మీరు బయట పాలు పిండుకోవాలి, లేకపోతే రొమ్ములు గడ్డకడతాయి, క్రమంగా పాలు కూడా తగ్గుతాయి. ఇంటికి రాగానే సీసా కాదు, రొమ్ము ఇవ్వండి. చూసుకునేవాళ్ళకి మాత్రం మీరు వచ్చే ముందు గంటలో పెద్ద సీసా పట్టవద్దని చెప్పి వెళ్ళండి.